ఇంగ్లీషు పరీక్షకు తెలుగు వ్యాకరణము

మా ఇంగ్లీషు పాఠముల కార్యక్రమమునకు వచ్చు జాబులలో కొంతకాలముగా ఒకే విన్నపము మాటిమాటికి కనబడుచున్నది. విదేశములలో చదువుకొనుటకో, ఉద్యోగము చేయుటకో పోదలచిన యువతీయువకులు ఐ.ఇ.ఎల్.టి.ఎస్., టోఫెల్ వంటి పరీక్షలకు కూర్చొనుచున్నారు. చదువు ముగిసినది, పట్టా చేతికి వచ్చినది, పనిలో నేర్పు కలదు. అయినను ఆ పరీక్షలో కొద్దిపాటి మార్కులు తక్కువైనచో దారి అక్కడనే ఆగిపోవును. మరల పరీక్ష, మరల రుసుము, మరల కొన్ని నెలల నిరీక్షణ. ఆ రుసుము మధ్యతరగతి ఇంటికి తేలికగా ఓర్చుకొనదగినది కాదు.

వానిలో ఒక సోదరి వ్రాసిన జాబు మమ్ము ఈ ప్రసంగమునకు పురికొల్పినది. ఆమె ఒక ఆసుపత్రిలో నర్సు. పరీక్షలో వినుట, చదువుట, మాటలాడుట అను మూడు భాగములలోను ఆమెకు కావలసిన మార్కులు వచ్చినవి. వ్రాతలో మాత్రము అర బ్యాండు తగ్గినది. ఒకసారి కాదు, రెండుసార్లు. 'షల్, విల్ భేదము కంఠస్థము చేసితిని, వ్యాకరణములో నేను చదువని సూత్రము లేదు, ఇంక నేనేమి చదువవలెను?' అని ఆమె ప్రశ్న. జాబుతోపాటు అభ్యాసమునకై వ్రాసికొనిన రెండు వ్యాసములను కూడ పంపినది.

మేము ఎర్రసిరా పట్టుకొని వానిని చదివినాము. 23 తప్పులు లెక్కకు వచ్చినవి. ఆమె అంతగా భయపడుచున్న 'షల్, విల్' తప్పు వానిలో ఒక్కటియు లేదు. తక్కినవానిని వేరుచేసి చూడగా 16 తప్పులు ఆమెకు ఇంగ్లీషు రానందున వచ్చినవి కావని తేలినది. అవి ఆమెకు తెలుగు బాగుగా వచ్చినందున వచ్చినవి. తెలుగు వాక్యము లోపల నిలిచియుండి ఇంగ్లీషు మాటలను తన వరుసలో నడిపించినది. అట్లయినచో ఆ తెలుగు వాక్యమునే సాక్షిగా పిలిచి, తప్పు ఎచ్చట జరుగుచున్నదో దానిచేతనే చెప్పించవచ్చును గదా! ఈ ప్రసంగములో మేము చేయబూనినది ఇంతే.

ముందుగా పరీక్షను గూర్చి రెండు మాటలు. టోఫెల్ 1964లో మొదలైనది. కాగితముమీద జరిగిన ఆనాటి పరీక్షలో వాక్యనిర్మాణమునకు ప్రత్యేకముగా ఒక భాగముండెడిది. 2005లో ఇంటర్నెట్ ద్వారా జరుగు పరీక్ష వచ్చినప్పుడు ఆ భాగమును తొలగించినారు. 1989లో వెలసిన ఐ.ఇ.ఎల్.టి.ఎస్. లోను వ్యాకరణమునకు వేరే ప్రశ్నపత్రము లేదు. వ్రాతకు 60 నిమిషములు. ఒక వ్రాత 150 మాటలకు, మరియొకటి 250 మాటలకు తగ్గరాదు. ఆ వ్రాతను నాలుగు కొలతలతో తూచుదురు: ప్రశ్నకు తగిన సమాధానము, భావముల అల్లిక, పదసంపద, వ్యాకరణము. వ్యాకరణమనగా శుద్ధి యొక్కటియే కాదు, వాక్యముల వైవిధ్యము కూడ. తప్పు జరుగునేమో యను భయముతో మూడేసి మాటల వాక్యములు పేర్చువారికి ఇందువలననే మంచి మార్కులు రావు. పెద్ద వాక్యము వ్రాయవలెను, అది చెడకుండవలెను. చిక్కంతయు ఇందులోనే కలదు.

ఆ సోదరి వ్యాసములోని మొదటి తప్పును చూడుడు. 'ఐ యామ్ వర్కింగ్ ఇన్ దిస్ హాస్పిటల్ సిన్స్ సిక్స్ ఇయర్స్.' ఇది 'ఆరేళ్ళ నుంచి ఈ ఆసుపత్రిలో పనిచేస్తున్నాను' అను చక్కని తెలుగు వాక్యమునకు మాటకు మాట. ఇందులో రెండు తప్పులు కలవు. మొదటిది 'సిన్స్'. తెలుగులో 'ఆరేళ్ళ నుంచి' అందుము, '2015 నుంచి' అందుము. రెంటికిని ఒకే 'నుంచి' చాలును. ఇంగ్లీషులో కాలము ఎంత పొడవో చెప్పునప్పుడు 'ఫర్', కాలము ఎచ్చట మొదలైనదో చెప్పునప్పుడు 'సిన్స్'. ఈ భేదమును అందరును చదువుదురు, పరీక్షగదిలో అందరును మరతురు. మరువకుండుటకు తెలుగులోనే ఒక ఉపాయము కలదు. 'నుంచి' తీసివేసి దాని స్థానమున 'గా' పెట్టి చూడుడు. 'ఆరేళ్ళుగా' అనవచ్చును. 'మూడు రోజులుగా', 'చాలా కాలంగా' అనవచ్చును. ఇవన్నియు 'ఫర్'. కాని '2015గా' అనలేము. 'సోమవారంగా', 'చిన్నప్పటిగా' అనలేము. ఇవన్నియు 'సిన్స్'. 'గా' ఒప్పుకొన్నచో 'ఫర్', ఒప్పుకొననిచో 'సిన్స్'. తెలుగు పుట్టుభాషగా గలవారి చెవి ఈ పరీక్షలో పొరబడదు.

రెండవ తప్పు క్రియలో ఉన్నది. 'పనిచేస్తున్నాను' అను మాట నేటిని మాత్రమే చెప్పును. ఆరేండ్ల సంగతిని 'నుంచి' మోయుచున్నది. ఇంగ్లీషులో ఆ బరువును క్రియకూడ మోయవలెను. గతమున మొదలై నేటికిని తెగని దారమును క్రియలోనే చూపవలెను. కనుక 'ఐ హావ్ బీన్ వర్కింగ్ ఇన్ దిస్ హాస్పిటల్ ఫర్ సిక్స్ ఇయర్స్' అని వ్రాయవలెను. తెలుగు వాక్యములో 'నుంచి' గాని 'గా' గాని వచ్చి, పని ఇంకను సాగుచున్నదని తోచినప్పుడెల్ల మీ చేయి 'హావ్' దగ్గర ఒక క్షణము ఆగవలెను.

దీనికి తోబుట్టువైన చిక్కు ఇంకొకటి. 'వచ్చాను' అను తెలుగుమాట 'ఐ కేమ్' అనుటకును సరిపోవును, 'ఐ హావ్ కమ్' అనుటకును సరిపోవును. అందువలన 'ఐ హావ్ కమ్ యెస్టర్డే' అను వాక్యము మనవారి నోట తడవకొకసారి వినబడును. 'నిన్న', '2015లో', 'నేను చదువుకొనునప్పుడు' వంటి ముగిసిపోయిన కాలము వాక్యములో ఉన్నచో 'హావ్' అడుగు పెట్టరాదు. 'ఎప్పుడు?' అను ప్రశ్నకు వాక్యములో గడచిన కాలపు జవాబున్నచో 'ఐ కేమ్', జవాబు లేక ఫలితము మాత్రమే మన ముందున్నచో 'ఐ హావ్ కమ్'. ఇంగ్లీషువారిలోను ఇక్కడ కొంత భేదము లేకపోలేదు. భోజనమైనదా యని అడుగుటకు బ్రిటనువారు 'హావ్ యు ఈటెన్ యెట్?' అన్నచో, అమెరికావారు తరచుగా 'డిడ్ యు ఈట్ యెట్?' అందురు. కాని 'నిన్న' పక్కన 'హావ్' పెట్టుటకు ఇద్దరిలో ఎవరును ఒప్పుకొనరు.

ఇక 'ఎ', 'ఆన్'ల సంగతి. అచ్చులకు ముందు 'ఆన్' అని బడిలో నేర్పుదురు. ఇంగ్లీషు అక్షరమును చూచి నిర్ణయించినచో మోసపోదుము. నిర్ణయించవలసినది చెవి, కన్ను కాదు. రేడియోలో పనిచేయువారికి ఇది వేరే చెప్పవలసిన పని లేదు. తెలుగువారికి ఇక్కడ ఒక భాగ్యము కలదు. మన లిపి పలుకుబడిని ఉన్నదున్నట్లు వ్రాయును. ఆ ఇంగ్లీషుమాటను మనసులో తెలుగులిపిలో వ్రాసికొనుడు. 'యూనివర్సిటీ' అని వ్రాయుదుము, మొదట నున్నది యకారము, హల్లు. కనుక 'ఎ యూనివర్సిటీ'. 'అవర్' అని వ్రాయుదుము, మొదట అచ్చు. ఇంగ్లీషులో ముందు హెచ్ అక్షరము కూర్చున్నను అది పలుకదు. కనుక 'ఆన్ అవర్'. అట్లే 'ఎ వన్-వే స్ట్రీట్', 'ఆన్ ఎం.ఎ. డిగ్రీ'. ఆ సోదరి వృత్తిలోనుండి చెప్పవలెనన్నచో 'ఆన్ ఎక్స్-రే', 'ఆన్ ఈ.సి.జి.', కాని 'ఎ యూరిన్ టెస్ట్'.

ఇందులో ఒక అపాయము కూడ పొంచియున్నది. మనము ఎకారముతో మొదలగు మాటను యకారము చేర్చియు, ఒకారముతో మొదలగు మాటను వకారము చేర్చియు పలుకుదుము. 'ఎవరు' అని వ్రాసి 'యెవరు' అందుము, 'ఒకటి' అని వ్రాసి 'వొకటి' అందుము. ఆ అలవాటుననే 'ఎగ్' అను మాటను 'యెగ్గు' చేయుదుము. యెగ్గు అన్న తరువాత 'ఎ యెగ్గు' అనుట మన చెవికి న్యాయముగనే తోచును! కనుక ఈ ఉపాయమును వాడువారు మొదట ఆ యకారవకారములను విడిచి పలుకుట అభ్యసించవలెను. మాటలాడు పరీక్షలోను అది మేలుచేయును.

'ది' అను మాట వీనికంటె కష్టము. తెలుగులో దానికి సరియైన మాట లేదు. మాట లేదు గాని, అది చేయు పని లేకపోలేదు. ఇంట్లో జబ్బుమనిషి యున్నప్పుడు 'డాక్టరు వచ్చాడా?' అని అడిగినచో, 'ఏ డాక్టరు?' అని ఎవరును ఎదురు ప్రశ్న వేయరు. అందరికిని తెలిసిన డాక్టరే. అది 'ది డాక్టర్'. 'మా వీధిలోకి ఒక డాక్టరు వచ్చాడు' అన్నచో వినువానికి ఆయన కొత్తవాడు. అది 'ఎ డాక్టర్'. వినువాడు 'ఏది?' అని అడుగవలసిన అవసరము మిగిలియున్నదా లేదా యని చూచుకొనుటయే ఇందులోని కీలకము. 'ఎ పేషెంట్ కేమ్ ఇన్' అని మొదలుపెట్టి, మరు వాక్యములో 'ది పేషెంట్ వాజ్ ఎ చైల్డ్' అందుము. మొదటి వాక్యము పరిచయము చేసినది, రెండవ వాక్యమునకు వచ్చుసరికి ఆ రోగి మనకు తెలిసినవాడైనాడు.

ఆ సోదరి ఈ మాటను విడిచిన చోట్లు మూడైతే, అక్కరలేని చోట చేర్చినవి నాలుగు. ఎక్కడనో ఎవరో 'ది' విడిచినందుకు ఆమెను మందలించి యుందురు. నాటినుండి ఆమె దానిని ఉప్పువలె అన్నిట చల్లుచున్నది. 'ది లైఫ్ ఈజ్ డిఫికల్ట్ ఫర్ ది నర్సెస్' అని వ్రాసినది. జీవితమును గూర్చి, నర్సులందరిని గూర్చి సాధారణముగా చెప్పునప్పుడు 'ది' అక్కరలేదు. 'లైఫ్ ఈజ్ డిఫికల్ట్ ఫర్ నర్సెస్' అనిన చాలును. సూత్రమునకు లొంగని చోట్లును కొన్ని కలవు. 'ఆన్ ది రేడియో' అందురు, కాని 'ఆన్ టెలివిజన్' అందురు. రేడియోకు 'ది' గౌరవము దక్కి టెలివిజనుకు దక్కనందుకు మేము సంతోషించినను, కారణము చెప్పుమన్నచో చెప్పలేము. ఇట్టివానిని విని అలవరచుకొనవలసినదే.

ఏకవచన బహువచనముల విషయములో ఒక వింత చూచినాము. తెలుగులో పాలు, నీళ్ళు, వడ్లు, పెసలు బహువచనములు. ఇంగ్లీషులో పాలు, నీళ్ళు ఏకవచనములు. అయినను 'మిల్క్స్' అని, 'వాటర్స్ తెమ్మ'ని మనవారెవరును అనరు. కాని 'సలహాలు' అను మాటనుండి 'అడ్వైసెస్', 'పరికరాలు' అను మాటనుండి 'ఈక్విప్‌మెంట్స్' మాత్రము పుట్టించుదురు. 'ఇన్ఫర్మేషన్', 'ఫర్నిచర్' కూడ ఈ జాతివే. వీనికి ముందు 'ఒకటి, రెండు' పెట్టుట ఇంగ్లీషుకు సరిపడదు. పాలను లెక్కపెట్టక గ్లాసులను లెక్కపెట్టినట్లే, సలహాను లెక్కపెట్టక 'ఎ పీస్ ఆఫ్ అడ్వైస్' అని ముక్కలను లెక్కపెట్టుదురు.

వ్యాసములో మాకు అన్నిటికంటె ఆసక్తి కలిగించిన తప్పు ఇది: 'ది నంబర్ ఆఫ్ పేషెంట్స్ హావ్ ఇంక్రీజ్డ్.' పటమునో పట్టికనో వివరింపుమను ప్రశ్నలో ఇట్టి వాక్యము తప్పక వచ్చును గనుక, ఇది ఊరకే పోనిచ్చునది కాదు. తెలుగులో 'రోగుల సంఖ్య పెరిగింది' అందుము. 'పెరిగాయి' అని పసిబిడ్డయు అనడు. మరి తెలుగులో పసిబిడ్డ చేయని తప్పును ఇంగ్లీషులో పట్టభద్రురాలు ఏల చేసినది? కారణము మాటల వరుసలో ఉన్నది. తెలుగులో యజమానియైన నామవాచకము చివర నుండును. విశేషణములన్నియు దానికి ముందు నడచును. 'బల్ల మీద ఉన్న పాత పుస్తకాల పట్టిక' అని ఎంత పొడిగించినను 'పట్టిక' చివరకే వచ్చును, క్రియ దాని సరసనే కూర్చొనును. యజమానికిని క్రియకును నడుమ మరియొక నామవాచకము దూరుటకు ఎడము తక్కువ. ఇంగ్లీషులో వరుస తలక్రిందులు. 'ది లిస్ట్ ఆఫ్ ఓల్డ్ బుక్స్ ఆన్ ది టేబుల్స్' అనునప్పుడు యజమానియైన 'లిస్ట్' మొదటనే వచ్చి దూరమైపోయినది. క్రియ పక్కకు 'టేబుల్స్' వచ్చి చేరినవి. ప్రక్కనున్నవానిని చూచి క్రియకు బహువచనము తగిలించుదుము.

మందును మరల తెలుగే చెప్పుచున్నది. కర్తభాగమంతయు మనసులో తెలుగులోనికి మార్చుడు. చివరకు మిగిలిన నామవాచకమే యజమాని. 'రోగుల సంఖ్య' అన్నప్పుడు చివర నున్నది 'సంఖ్య', కనుక 'హాజ్ ఇంక్రీజ్డ్'. 'పిల్లలలో ఒకడు' అన్నప్పుడు చివర 'ఒకడు', కనుక 'వన్ ఆఫ్ ది బాయ్స్ ఈజ్'. 'అనేకమంది రోగులు' అన్నప్పుడు చివర 'రోగులు', కనుక 'ఎ నంబర్ ఆఫ్ పేషెంట్స్ హావ్ కమ్'. 'ది నంబర్' అన్నచో ఏకవచనము, 'ఎ నంబర్' అన్నచో బహువచనము అను సూత్రమును వేరుగా వల్లించనక్కరలేదు. తెలుగులోనికి మార్చగనే ఒకటి 'సంఖ్య'గను, మరియొకటి 'అనేకమంది'గను తమంతట తామే విడిపోవును.

ప్రశ్న లోపల ప్రశ్న వచ్చినప్పుడు పొరబడువారును పెక్కురు. 'ఐ డోంట్ నో వాట్ ఈజ్ ది రీజన్' అని వ్రాయుదురు. 'వాట్ ది రీజన్ ఈజ్' అని ఉండవలెను. తెలుగులో 'కారణమేమిటి?' అన్నచో నేరుగా అడుగుట. 'కారణమేమిటో నాకు తెలియదు' అన్నచో ప్రశ్న కరగిపోయి వాక్యములో ఒక భాగమైనది. ఆ మార్పును మనము చివరి 'ఓ'తో చూపుచున్నాము, ఇంగ్లీషువారు మాటల వరుసను మామూలు వరుసకు తెచ్చి చూపుచున్నారు. 'ఎక్కడున్నాడు?' అన్నచో 'వేర్ ఈజ్ హి?', 'ఎక్కడున్నాడో' అన్నచో 'వేర్ హి ఈజ్'. మీ తెలుగులో 'ఓ' వినబడినచో ఇంగ్లీషులో కర్తను క్రియకు ముందు నిలుపుడు.

కొన్ని చోట్ల తెలుగు మనలను తప్పుదారి పట్టించుట లేదు. చక్కని దారియే చూపుచున్నది, మనమే దాని మాట వినుట లేదు. 'ఇఫ్ ఇట్ విల్ రెయిన్' అను తప్పు అట్టిది. 'వర్షం వస్తే' అను మాటలో భవిష్యత్తు ఎక్కడ నున్నది? చిన్నయసూరి బాలవ్యాకరణములో చేదర్థకమని పేరుపెట్టిన ఈ రూపమునకు కాలము తగులదు. 'వర్షం వస్తే మ్యాచ్ ఆగుతుంది' అనునప్పుడు భవిష్యత్తంతయు 'ఆగుతుంది'లోనే కలదు. ఇంగ్లీషులోను అంతే. 'ఇఫ్ ఇట్ రెయిన్స్, ది మ్యాచ్ విల్ స్టాప్.' ఇట్టి వాక్యములో 'విల్' ఒకచోటనే ఉండును. 'అతను వచ్చినప్పుడు చెబుతాను' అనుటయు ఇట్టిదే. 'వెన్ హి విల్ కమ్' కాదు, 'వెన్ హి కమ్స్'.

'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్', 'ఐ యామ్ నోయింగ్ హిమ్' అను వాక్యములును ఇట్టివే. 'నాకు ఇద్దరు అన్నదమ్ములున్నారు' అందుము గాని 'ఉంటున్నారు' అనము. 'తెలుసు', 'కావాలి', 'ఇష్టం' అను మాటలకు 'తున్న' చేర్చుట తెలుగులోను పొసగదు. మరి ఈ 'ఇంగ్' ఎచ్చటనుండి వచ్చినది? బడిలో ఇంగ్లీషు క్రియ నేర్చునప్పుడు మితిమీరి వల్లించిన అలవాటునుండి వచ్చినదని మా అనుమానము. 1957లో రాబర్ట్ లాడో అను అమెరికా భాషావేత్త రెండు భాషలను పక్కపక్కన పెట్టి పోల్చినచో విద్యార్థికి ఎచ్చట కష్టమగునో ముందే చెప్పవచ్చునని వాదించినాడు. తరువాత 1967లో పిట్ కార్డర్ అను మరియొక పండితుడు విద్యార్థి చేయు తప్పులను వేరొక దృష్టితో చూడుమన్నాడు. విద్యార్థి తనంతట తాను ఒక వ్యాకరణమును అల్లుకొనుచుండును, తప్పులు దాని ఆనవాళ్ళు అని ఆయన భావము. ఆ సోదరి 23 తప్పులలో తెలుగునకు అంటగట్టలేని 7 తప్పులును ఈ కోవలోనివే. 'ది' చల్లుటవలన వచ్చినవి నాలుగు, ఈ 'ఇంగ్' వలన వచ్చినవి మూడు.

తెలుగు నిజముగా తప్పుదారి పట్టించు 'తున్న'లును కొన్ని లేకపోలేదు. 'నమ్ముతున్నాను', 'అర్థమవుతున్నది', 'వినబడుతున్నది' మనకు సహజములు. ఇంగ్లీషులో అవి 'ఐ బిలీవ్', 'ఐ అండర్‌స్టాండ్', 'ఐ కెన్ హియర్'. టెలిఫోనులో 'ఆర్ యు హియరింగ్ మి?' అని అరచువారు 'కెన్ యు హియర్ మి?' అని అరువవలెను.

పెద్ద వాక్యములు వ్రాయగోరువారు పడు గోతి ఇంకొకటి కలదు. 'వాకింగ్ టు ది హాస్పిటల్, ఎ డాగ్ బిట్ మి' అని ఒకరు వ్రాసినారు. చదువువానికి ఆసుపత్రికి నడచి పోవుచున్నది కుక్కయే యని తోచును. 'ఆసుపత్రికి నడుస్తూ కుక్క నన్ను కరిచింది' అని తెలుగులో అని చూడుడు, నవ్వు రాక మానదు. 'వచ్చి', 'తిని', 'నడుస్తూ' వంటి అసమాపకక్రియలకును సమాపకక్రియకును కర్త ఒక్కడే యుండవలెనని మన వ్యాకరణము విధించుచున్నది. ఇంగ్లీషునకును ఇదే నియమము. కనుక 'వాకింగ్ టు ది హాస్పిటల్, ఐ వాజ్ బిటెన్ బై ఎ డాగ్' అనవలెను. అయితే తెలుగు 'వర్షం కురిసి చెరువు నిండింది' అను వాక్యమును సహించుచున్నది. కురిసినది వర్షము, నిండినది చెరువు. కర్తలు ఇద్దరైనను ఒకటి మరియొకదానికి కారణము గనుక మన చెవికి బాధ కలుగదు. ఈ ఔదార్యము ఇంగ్లీషునకు లేదు. ఇట్టి చోట 'ఇట్ రెయిన్డ్ అండ్ ది ట్యాంక్ ఫిల్డ్' అని రెండు క్రియలను సమానముగా నిలుపుట క్షేమము.

'డిస్కస్ అబౌట్', 'ఎంటర్ ఇంటు ది రూమ్', 'మ్యారీడ్ విత్' అనునవి మన విభక్తుల నీడలు. 'గురించి', 'లోకి', 'తో' అను ప్రత్యయములు ఇంగ్లీషులోనికి వలసపోయినవి. 'డిస్కస్ ది ప్రాబ్లం', 'ఎంటర్ ది రూమ్', 'మ్యారీడ్ టు' అని కొన్నింటిని అట్లే జ్ఞాపకముంచుకొనుట తప్ప ఇక్కడ ఉపాయము లేదు.

ఇక ఆ సోదరి భయపడిన 'షల్, విల్' మాట. 'నేను, మేము' అనువానికి 'షల్' అని, తక్కినవారికి 'విల్' అని 1653లో జాన్ వాలిస్ తన వ్యాకరణములో చెప్పినాడు. ఆ వ్యాకరణము లాటినులో వ్రాసినది. వాక్యము చివర విభక్తిపదము నిలుపరాదను ఆక్షేపణను 1672లో డ్రైడన్ కవి లేవదీసినాడు. ఇట్టి నియమములు బడి పుస్తకములద్వారా మన దేశమునకు వచ్చి, తరతరములుగా మనవారిని వణికించినవి. నేడు ఇంగ్లీషు పుట్టుభాషగా గలవారు 'ఐ విల్' అనియే అందురు, వాక్యము చివర 'విత్' గాని 'ఫర్' గాని నిలుపుటకు సంకోచింపరు. వీనికొరకు రాత్రులు మేలుకొనుట కంటె, 'రోగుల సంఖ్య' పక్కన 'హాజ్' పెట్టుట నేర్చినచో అర బ్యాండు దగ్గరపడును.

ఈ సంగతులన్నియు వ్రాసి, వ్యాసములను దిద్ది, మేము ఆ సోదరికి పంపినాము. పదిదినములకు ఆమెనుండి మూడవ వ్యాసము వచ్చినది. అందులో తప్పులు 9. 'సిన్స్' ఒక్కచోటనైనను తప్పలేదు. అంచున పెన్సిలుతో చిన్నచిన్న 'గా'లు వ్రాసికొని, కొన్నింటిని కొట్టివేసినది. 'ది' మాత్రము ఇంకను రెండుచోట్ల ఎక్కువైనది. ఆమె మరల పరీక్షకు రుసుము కట్టినది. ఫలితము మాకింకను తెలియదు.